కొవ్వాడలో అణువిద్యుత్తు బదులు భూమిలోని వేడి వాడితే?

రణస్థలం గుంటడు:
మా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామని, దానికి ఊళ్లు ఖాళీ చెయ్యాలని ఎన్నేళ్లుగానో అంటన్నారు. ఐస్‌లాండ్‌లో హెల్లిషేయిడి కేంద్రం చూడండి. బొగ్గు లేదు, యురేనియం లేదు. బోర్లు దించి, భూమిలో ఆవిరితోనే 303 మెగావాట్లు తీస్తన్నారు. ఆ వేడితోనే నీళ్లు కాచి గొట్టాల్లో రేక్యవిక్ ఇళ్లకి పంపుతన్నారు. మనకెందుకు కాదో ఎవరైనా సెప్పండి.

విజయనగరం మేష్టారు:
ఎందుకంటే బాబూ, వాళ్లది అగ్నిపర్వతం మీద కూర్చున్న కేంద్రం. రెండు కిలోమీటర్లు తవ్వితే 300 డిగ్రీలు తగులుతుంది. మన కింద ఉన్నది తూర్పు కనుమల పాతరాయి, ఎప్పుడో చల్లారిపోయింది. మామూలు నేలలో కిలోమీటరు దిగితే పెరిగేది 25-30 డిగ్రీలు. మనకి అంత కూడా రాకపోవచ్చు. మణుగూరులో వేడినీళ్ల బోరు మీద సింగరేణి వాళ్లు పెట్టినదే 20 కిలోవాట్లు. దానితో ఒక రైసుమిల్లు ఆడుతుందా?

పలాస జీడి:
మేష్టారూ, కరెంటు వదిలెయ్యండి. నాకు కావాల్సింది వేడి. జీడిపిక్కలకి ఆవిరి పట్టాలి, జీడిపప్పు ఆరబెట్టాలి. ఆరబెట్టడానికి 70 డిగ్రీలుంటే సరిపోద్ది. మీ లెక్కకి పైన నేలకుండే వేడి కూడా కలిపితే రెండు కిలోమీటర్ల కింద ఆపాటి వేడి ఉంటాదిగా! వాళ్లు ఆ వేడితో చలి కాచుకుంటే, మేం పప్పు ఆరబెట్టుకుంటాం.

విజయనగరం మేష్టారు:
లెక్క బాగుంది. కానీ రెండు కిలోమీటర్ల బోరు ఖర్చు ఏ జీడి బట్టీ భరిస్తుంది? పైగా వేడి ఉంటే సరిపోదు, రాతి పగుళ్లలో నీరు పారాలి. గట్టిరాయిలో నీళ్లు నెట్టి పగుళ్లు తెరవాలని చూస్తే ఏమైందో కొరియాలో పొహాంగ్ వాళ్లనడగండి. 2017లో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. అయినా పొయ్యిలోకి మీకు జీడిపిక్కల గుల్ల ఊరికే వస్తుంది కదా.

పలాస జీడి:
ఊరికేటండీ! గుల్లలో నూనె ఉంది, కొనుక్కునేవాళ్లున్నారు. మేం కాల్చేస్తే నష్టం మాకే. పొగ సంగతి మా ఇంటిదాన్నడగండి.

విజయనగరం మేష్టారు:
పొగ మాట ఒప్పుకుంటాను. దానికి ఎండతో ఆరబెట్టే డ్రయ్యరు చవక కదా, ఆలోచించండి.

పలాస జీడి:
వానాకాలంలో మీ ఎండ ఎక్కడుంటాది?

రణస్థలం గుంటడు:
పప్పు ఆరిందో లేదో గాని, నా కొవ్వాడ ఎటు పోయింది? ఊళ్లు ఖాళీ చెయ్యాలా వద్దా అని అడిగితే బట్టీల కాడికొచ్చి కూకున్నారు.

విజయనగరం మేష్టారు:
దానికి దీనితో జవాబు రాదనే చెబుతున్నాను. 303 ఎక్కడ, ఆరు రియాక్టర్ల 7248 ఎక్కడ? కొవ్వాడ వద్దనడానికి నీ దగ్గర వేరే కారణాలున్నాయి, అవి అర్జీలో రాయి. నేనూ సంతకం పెడతాను.