పార్టీల సంగతి పక్కన పెట్టి చెప్పండి, ప్రభుత్వాల వల్ల మీ ఇంట్లో నిజంగా ఏం మారింది?

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు) అడిగారు:

మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాకే పేదవాడింట్లో రెండు పూటలా పొయ్యి వెలిగిందని, ప్రభుత్వం తలచుకుంటే బతుకులు మారతాయని మా నాన్నగారు అంటారు. మా బాబాయి ఒప్పుకోడు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటారని, జనం బాగుపడ్డది వాళ్ల రెక్కల కష్టంతోనేనని ఆయన వాదన.

నాది ప్రైవేటు ఉద్యోగం. రేషన్ కార్డు లేదు, ఏ పథకమూ రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా కట్టుకునే ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. నా జేబుకి నేరుగా తెలిసిన లాభం అదొక్కటే. అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏది మారింది, ఏది మారలేదు? ఫలానా నాయకుడు దేవుడు, ఫలానావాడు దొంగ అని మాత్రం రాయకండి. అది వినీ వినీ విసుగొచ్చేసింది.

పెదనందిపాడు కౌలు రైతు రాశారు:

సొంతది ఒక్క ఎకరం, మిగతా అంతా కౌలు. మిర్చి వేస్తాం. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదటి విడత పడింది. పీఎం కిసాన్ 2,000 కలిపి 7,000. అది నా సొంత ఎకరానికి. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టేది మాత్రం కౌలు చేలో.

కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం చేయాలి. మా ఆసామి మంచివాడే. కానీ సంతకం పెడితే రేపు పొలం మీద నాకేదో హక్కు వస్తుందని ఆయన భయం. కార్డు లేదు కాబట్టి బ్యాంకు లోను పుట్టదు. వాన పడి కాయ నల్లబడితే నష్టపరిహారం రాసుకునేటప్పుడు నా పేరుండదు. చివరికి వడ్డీకి తెచ్చేది నేను, మందు కొట్టేది నేను, కాగితం మీద రైతు ఆయన.

ధర సంగతి కూడా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది. పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. కౌలు, కోత కూలి, మందుల ఖర్చు వేసుకుంటే ఆ ధరకి గిట్టదని యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన ఎవర్ని అడిగినా చెబుతారు. తాలుకాయ (రంగు పోయిన నాసి కాయ) ఏరించిన కూలి కూడా రాదు. సంతకం లేకుండా కౌలుదారుని గుర్తించే దారి ఏ ప్రభుత్వం చూపిస్తే ఆ రోజు మా ఊళ్లో సగం ఇళ్లకి నిజంగా మేలు జరిగినట్టు. అది రూపాయి ఖర్చు లేని పని. అదే ఎవరూ చేయడం లేదు.

సింగ్‌నగర్ టైలర్ (విజయవాడ) రాశారు:

తమ్ముడూ, ఇంటి లెక్క అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది.

అజిత్‌సింగ్‌నగర్‌లో ఇంటి ముందు గదిలో మిషన్లు వేసుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు.

మా అత్తగారి పింఛను 200 ఉండేది. 2014లో 1,000 అయింది, 2019లో 2,000 దాటింది, 2024 జనవరికి 3,000, ఆ జులై నుంచి 4,000. ప్రతి ప్రభుత్వమూ ఎంతో కొంత పెంచింది, ఎవరి వాటా వాళ్లకి ఇద్దాం. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికొచ్చి ఇస్తారు. ఆమె వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు. నాలుగైదు సార్లు నొక్కించి, తడిగుడ్డతో తుడిపించి, అప్పటికీ కాకపోతే కన్ను చూపించమంటారు. ఆ డబ్బు అత్తగారు నాకివ్వరు, నేను అడగను కూడా. బీపీ మాత్రలు ఆమే తెచ్చుకుంటారు. కొడుకు దగ్గర చెయ్యి చాచకుండా తన మందు తాను కొనుక్కోవడం వల్ల ఇంట్లో ఆమె మాటకి విలువ పెరిగింది. పదేళ్ల కిందట ఇదే మనిషి మాత్రలు అయిపోయినా చెప్పకుండా ఊరుకునేవారు.

ఆసుపత్రి సంగతి. మా మామగారికి గుండె జబ్బు వచ్చినప్పుడు ఇంకా ఆరోగ్యశ్రీ లేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వైద్యం చేయించారు. మనిషీ దక్కలేదు, ఆ అప్పు మా పెళ్లయ్యాక కూడా తీరుస్తూనే ఉన్నాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మా ఆయనకి స్టెంట్ వేసినప్పుడు కార్డు మీదే అయిపోయింది, ఆపరేషన్‌కి పైసా కట్టలేదు. ముందు చేయించిన టెస్టులు, తరవాతి మందులు, నెల రోజులు పనికి వెళ్లకపోవడం, అవి మావే. అయినా ఒళ్లో పిల్లల్ని పెట్టుకుని అప్పుల వాళ్ల గుమ్మం ఎక్కాల్సిన పని నాకు పడలేదు. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు ప్రభుత్వాల హయాంలోనూ విన్నాం. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టెన్షనే. జబ్బు మనిషి ఉన్న ఇంటికి అది రాజకీయం కాదు.

పిల్లల చదువు డబ్బుల గురించి అందరూ రాస్తారు. అమ్మ ఒడి అప్పుడు ఇంటికి ఒక్కరికే వచ్చేది, తల్లికి వందనం ఇద్దరికీ 13,000 చొప్పున పడింది. బడి నిర్వహణకి 2,000 పట్టుకుంటున్నారు, నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే మా అమ్మాయి చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు బడిలో మంచినీళ్లు తాగేది కాదు. తాగితే బాత్రూంకి వెళ్లాలి. అక్కడ నీళ్లు రావు, తలుపుకి గడియ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేది. బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో ఆ బాత్రూంలు కట్టారు, కుళాయి పెట్టారు. ఇప్పుడు బాటిల్ ఖాళీ చేసుకుని వస్తుంది. ఖాతాలో పడిన 13,000 ఎక్కడ ఖర్చయిందని అడిగితే వెంటనే చెప్పలేను, ఆ కుళాయి వల్ల ఏం మారిందో మాత్రం చెప్పగలను.

బస్సు కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం. లైనింగ్ క్లాత్, ఫాల్స్, హుక్కులు, జిప్పులు ఇంతకుముందు మా వీధి చివర షాపులోనే కొనేదాన్ని, ధర ఎక్కువైనా. ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వన్‌టౌన్ వెళ్లి వస్త్రలత బట్టల మార్కెట్లో హోల్‌సేల్‌గా తెచ్చుకుంటున్నాను. ఒక జాకెట్ మీద మిగిలేది కొంచెమే అయినా నెలకి లెక్క వేస్తే కరెంటు బిల్లు వెళ్లిపోతుంది.

ఇంక అసలు సంగతి. 2024 సెప్టెంబరు 1 తెల్లారేసరికి బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. ముందు గదిలో మిషన్ల మోటార్లు, ఓవర్‌లాక్ మిషను, ఫ్రిజ్, మంచాలు అన్నీ నీళ్లలోనే. నాకు ఎక్కువ బాధ కలిగించింది దసరాకి కుట్టమని జనం ఇచ్చిన పట్టు ముక్కలు. రంగు ఒకదానిది ఒకదానికి అంటుకుని, బురద పట్టి, ముద్దలా తేలాయి. వాటి విలువ మేం కట్టాలి కదా. కొందరు వద్దన్నారు, కొందరికి ఇచ్చాను. కింద అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25,000 ఇచ్చింది, పై అంతస్తులకి 10,000. ఆ డబ్బుతో రెండు మోటార్లు, మంచాలు వచ్చాయి. ఇచ్చినందుకు నమస్కారమే. మిగిలినదానికి చిట్టీ పాడుకున్నాను, ఇప్పటికీ కడుతున్నాను.

మరుసటి రోజు, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. మా ఆడపడుచుది కృష్ణలంక తారకరామానగర్. 2019 ఆగస్టులో అంతకంటే తక్కువ వరదకే వాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఈసారి వాళ్ల ఇల్లు మునగలేదు. కారణం కృష్ణ ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్. ఒకరు మొదలుపెట్టారు, ఇంకొకరు పొడిగించారు, చివరి ముక్క పూర్తయ్యింది. ఆ గోడ వల్ల మా ఆడపడుచు ఖాతాలో ఒక్క రూపాయి కూడా పడలేదు. కానీ తన ఫ్రిజ్, తన మంచాలు, తన పిల్లల సర్టిఫికెట్లు తన ఇంట్లోనే ఉన్నాయి. మా ఇంట్లో అందరం ఆ వారమంతా వాళ్లింట్లోనే తలదాచుకున్నాం.

మరి మా వైపు? బుడమేరు 2005లోనూ ముంచింది. వెలగలేరు నుంచి నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ గట్లు అంత ప్రవాహాన్ని తట్టుకోలేవని పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారు. దాదాపు ఇరవై ఏళ్లలో ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయో అందరికీ తెలుసు. గట్లకి గండ్లు పడ్డాక సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది.

అందుకే ఏ పథకం గురించి విన్నా నేను రెండే చూస్తాను. నాకు అప్పు పుట్టకుండా ఆపిందా? ప్రభుత్వం మారాక కూడా ఉంటుందా? అన్న క్యాంటీన్ 2018లో పెట్టారు, 2019లో మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. మధ్యలో ఆ ఐదేళ్లు 5 రూపాయల ఇడ్లీ తినే కూలివాడు ఏం తిన్నాడని ఎవరూ అడగలేదు. పేరు నచ్చకపోతే మార్చుకోండి, పెట్టే అన్నం ఆపకండి. ఈ మాట అన్ని పార్టీల వాళ్లకీ.

పైపుల రోడ్డు ఆటో రాశారు:

అక్కా, మీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదుగానే స్టేషన్ నుంచి పైపుల రోడ్డు దాకా షేరింగ్ తోలుతాను. ఆ వరదప్పుడు ఫ్లైఓవర్ మీద జనాన్ని చూసినవాణ్ణి. మీ మాటలన్నీ నిజమే. బస్సు గురించి మాత్రం ఇంకో వైపు చెప్పాలి.

మా బండి ఎక్కేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. షాపుల్లో పని చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లు. ఫ్రీ బస్సు వచ్చాక మధ్యాహ్నం ట్రిప్పులు ఖాళీగా వస్తున్నాయి. 2025 అక్టోబరు 4న మా ఖాతాల్లో 15,000 వేశారు. 2019 నుంచి వాహన మిత్ర అని 10,000 ఇచ్చేవాళ్లు, దానికంటే ఎక్కువే. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఖర్చులకి సరిపోయింది. కానీ అది ఏడాదికి ఒకసారి, నష్టం రోజూ. బండి ఫైనాన్స్ వాడు నెలనెలా వస్తాడు.

అలాగని ఫ్రీ బస్సు తీసేయమని నేను అనను. మా ఇంటావిడ ఆసుపత్రిలో ఆయా పని చేస్తుంది. ఆమెకి రానూపోనూ మిగులుతోంది. నేను కోరేది వేరే. బస్సు వెళ్లని లోపలి వీధులకి మా ఆటోలు తిరిగేలా బస్టాపుల దగ్గర స్టాండ్లు ఇవ్వాలి, కరెంటు ఆటో కొనుక్కోవడానికి తక్కువ వడ్డీకి లోను ఇవ్వాలి. ఒక పథకం పెట్టేటప్పుడు దాని వల్ల ఎవరి కూడు పోతుందో ముందే పిలిచి అడిగితే ఇంత గొడవ ఉండదు.

బ్రాడీపేట కుర్రాడు:

అందరికీ థాంక్స్. అక్కా, మీ పోస్టు మా నాన్నగారికీ బాబాయికీ ఇద్దరికీ చదివి వినిపించాను. బాబాయి ఒక ప్రశ్న అడగమన్నారు. ప్రభుత్వం దగ్గర ఒక్కదానికే డబ్బుందనుకోండి. పింఛను ఇంకో వెయ్యి పెంచాలా, బుడమేరు గట్లు కట్టాలా? ఏది అడుగుతారు?

సింగ్‌నగర్ టైలర్:

బుడమేరు. ఇందులో ఆలోచించడానికేం లేదు. మా అత్తగారినీ అడిగాను, ఆమె కూడా అదే అన్నారు. పింఛను డబ్బుతో కొనుక్కున్న కుక్కర్ కూడా ఆ నీళ్లలోనే పోయింది మరి.

కాకపోతే ఒకటి గుర్తు పెట్టుకోవాలి. కాలువ వెడల్పు చేస్తామని, ఆక్రమణలు తీసేస్తామని అంటున్నారు. ఆ గట్టు మీద ఉండేవాళ్లు కూడా మాలాంటి పనివాళ్లే. నా దగ్గర హెమ్మింగ్ చేసే అమ్మాయి ఇల్లు అక్కడే ఉంది. వాళ్లకి ముందు ఇల్లు చూపించి, తాళం చేతికిచ్చి, ఆ తరవాత జేసీబీ తేవాలి. నగరం అవతల ఎక్కడో పట్టా ఇచ్చి పొమ్మంటే వాళ్ల పనులు పోతాయి, ఆ అమ్మాయి నా దగ్గరికి రావడం కుదరదు. ఆటో తమ్ముడు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

మిషన్లు ఇప్పుడు పై వాటాలో పెట్టుకున్నాను, అద్దె అదనం. కింద గదిలో ఒక్క టేబులే ఉంచాను. వెలగలేరు, కవులూరు వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గండ్లు పడిన చోట గట్టు పని ఎంతవరకు వచ్చిందో చూసి రాయండి. వానాకాలం లోపు మళ్లీ కిందికి దించాలా వద్దా అనేది దాన్ని బట్టే తేల్చుకోవాలి.