స్వీడన్ ‘బ్రో’, వేల్స్ ‘బ్రో’: రెండూ ఒకటేనా?

పదవేట: స్వీడన్‌లో ఓరెబ్రో, కోపెన్‌హాగన్‌లో నోర్రెబ్రో, వేల్స్‌లో బ్రో మోర్గనుగ్. స్వీడిష్‌లో బ్రో అంటే వంతెన. వెల్ష్‌లో ఆ అర్థం పొసగడం లేదు. వైకింగులు తెచ్చి వదిలిన మాటేనా ఇది?

నుడిగని: కాదండి, చుట్టరికమే లేదు. వేల్స్‌లోని స్వాన్సీ లాంటి నార్స్ (వైకింగుల భాష) పేర్లు ఇంగ్లిష్‌లోనే నిలిచాయి. వెల్ష్‌వాళ్లకు ఆ ఊరు అబెర్తావె. బ్రో వాళ్ల సొంత మాట. పాత కెల్టిక్ రూపం ‘మ్రోగి’. వెల్ష్‌లో మొదటి ‘మ్ర’ కాస్తా ‘బ్ర’ అయింది, చివరి ‘గ’ రాలిపోయింది. పాత ఐరిష్ ‘మ్రుయిగ్’లో రెండూ మిగిలాయి. మొదట హద్దు, తర్వాత ఆ హద్దులోపలి నేల. మన ‘సీమ’ నడిచిన దారే. కొండలతో పోల్చి చెబితే పల్లపు నేల. బ్రో మోర్గనుగ్ అదే. ‘కుమ్రో’ (వెల్ష్‌వాడు) అన్నా ‘కొమ్‌బ్రోగోస్’, అంటే ఒకే సీమవాడు.

రాతిబాట: స్కాండినేవియా మాటకు మూలం నార్స్ ‘బ్రూ’. ఏరు దాటించేదే కానక్కర్లేదు, బురదనేల మీద వేసిన కట్టదారి కూడా బ్రోయే. స్టాక్‌హోం దగ్గర తేబీలో 11వ శతాబ్దపు రూన్ (వైకింగుల కాలపు లిపి) రాళ్లపై, యార్లబాంకె అనే స్థానిక పెద్ద తన ఆత్మ కోసం ‘బ్రో’ కట్టించానని చెక్కించుకున్నాడు. అది అలాంటి కట్టే. (బతికుండగానే తన స్మారకం తానే పెట్టుకున్న ఘనుడు!) కోపెన్‌హాగన్ పేటలు నోర్రెబ్రో, వెస్టర్‌బ్రోల్లోనూ వంతెనలు వెతక్కండి, కోట గుమ్మాల బయట రాళ్లు పరిచిన బాటల పేర్లవి. ఓరెబ్రోలో మాత్రం నిజంగా వంతెనే. రాత చూసి మోసపోవద్దు, స్వీడిష్‌లో పలికేది ‘బ్రూ’. డెన్మార్క్, స్వీడన్‌లను కలుపుతూ 2000లో తెరిచిన వంతెనకు కంపెనీ రాసే పేరు ఓరెసుండ్స్‌బ్రోన్: మొదటి అక్షరం డేనిష్‌ది, చివరి ‘బ్రోన్’ స్వీడిష్‌ది.

పదవేట: వేల్స్ బోర్డుల మీద ‘వ్రో’ అని కూడా ఉంది. నిఘంటువులో దొరకలేదు.

నుడిగని: బ కింద వెతకండి. బ్రో స్త్రీలింగం, ముందు ‘అ’ అనే ఆర్టికల్ చేరితే బ వ అవుతుంది: ‘అ వ్రో’. మన గసడదవాదేశం తెలిసినవాళ్లకు కొత్త కాదు. వంతెనకు వెల్ష్‌లో లాటిన్ నుంచి తెచ్చుకున్న ‘పోంట్’ ఉంది, అది ఇలాగే ‘అ బోంట్’ అవుతుంది. ఇంకొకటి: వెల్ష్ బ్రోకి స్కాండినేవియాలో అసలు చుట్టం ‘మార్క్’, డాన్‌మార్క్‌లో ఉన్నది. లాటిన్ ‘మార్గో’ కూడా ఆ ఇంటిదే, మనం నోటుపుస్తకంలో కొట్టే మార్జిన్ అక్కడిదే.