రాడార్ చిత్రంతో సముద్రం లోతు: రుషికొండ దగ్గర లెక్క ఎందుకు తప్పుతోంది?

నమస్తే అండీ. విశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. సెంటినెల్-1 ఉపగ్రహం తీసిన రాడార్ చిత్రాలతో రుషికొండ తీరంలో నీటి లోతు లెక్కకట్టాలి. రాడార్ నీళ్లలోకి దిగదు కాబట్టి అలలే ఆధారం. లోతు తగ్గేకొద్దీ అల పొడవు కుదించుకుపోతుంది: పది సెకన్లకొకటి వచ్చే అల నడిసముద్రంలో 156 మీటర్లుంటే, 10 మీటర్ల లోతుకొచ్చేసరికి దాదాపు 92 మీటర్లే.

మొన్న ఆదివారం జాలరిపేట మామయ్య పడవలో వెళ్లి, గుండు కట్టిన తాడు వదిలి చూశాం. గుండుకు బూడిదరంగు ఒండ్రు అంటుకుని వచ్చింది. తడిసిన తాడును చేతులు చాచి కొలిచి, "ఐదు బారలు" అన్నారు మామయ్య. అంటే సుమారు 9 మీటర్లు. నా లెక్కలో అదే చోట 14! మన దగ్గర ఆటుపోటు రెండు మీటర్లు కూడా ఉండదు, కాబట్టి తప్పు అక్కడ లేదు.

నా అనుమానం ఒకటే. దక్షిణం నుంచి వచ్చే అలలు దాదాపు ఉపగ్రహం వెళ్లే దారి వెంటే నడుస్తాయి. అందుకే పొట్టి అలలు చిత్రంలో అలుక్కుపోయి పొడవైనవే మిగులుతున్నాయేమో. దీన్ని ఎలా సరిచేయాలి? చిత్రం నుంచి అల పొడవు తీసే ఫూరియర్ లెక్కకి 512 మీటర్ల విండో (ఒక్కోసారి తీసుకునే చిత్రం ముక్క) వాడుతున్నాను. తగ్గిస్తే నాలుగైదు అలలే పడుతున్నాయి, పెంచితే విండోలోనే లోతు మారిపోతోంది. ఈ పని చేసినవాళ్లు ఎంత తీసుకున్నారో చెప్పండి, ప్లీజ్. వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.