కిర్గిజ్‌స్తాన్‌లో ఏడు రోజులు: ఓష్ పెట్టుకోవాలా, సోన్‌కుల్ పెట్టుకోవాలా?

గుంటూరు అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి బిష్కెక్‌లో మెడిసిన్ చదివాడు. జూన్ చివర్లో పట్టా ఇస్తున్నారు. ఇన్నేళ్లూ వీడియో కాల్లో చూసిన కొండల్ని ఇప్పుడైనా కళ్లారా చూద్దామని నేనూ మావారూ బయల్దేరుతున్నాం. పట్టా పని అయ్యాక చేతిలో ఏడు రోజులుంటాయి. ఒక ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాను ఇదీ: బిష్కెక్, అలా అర్చా లోయ, సోన్‌కుల్ సరస్సు, ఓష్ పట్టణం, అర్స్లాన్‌బోబ్, మళ్లీ వెనక్కొచ్చి ఇసిక్‌కుల్ సరస్సు, కరకోల్ ఊరు. నాకు 54, ఆయనకు 60. ఆయన బీపీ మాత్ర వేసుకుంటారు, మోకాళ్లు అంతంతమాత్రం. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. ఇది కుదిరే పనేనా? కుదరకపోతే ఏది తీసెయ్యాలి? మావాణ్ణి అడిగితే "హాస్టలూ ఆస్పత్రీ తప్ప నేనేం చూశానమ్మా" అంటున్నాడు.

హన్మకొండ మాస్టారు

అమ్మా, ఆ ప్లాను రాసినాయన మ్యాపు మీద వేలు పెట్టి జరిపిండు గానీ బండి ఎక్కి చూసినట్టు లేదు. బిష్కెక్ నుంచి ఓష్‌కు రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైనే. నడుమ 3,000 మీటర్లు దాటిన కనుమలు రెండున్నయి. పొద్దున బయల్దేరితే చీకటి పడ్డంక చేరుతరు. పోను ఒక రోజు, రాను ఒక రోజు. ఇగ మీకు మిగిలేది ఐదే.

ఓష్ తక్కువదని కాదు. సులైమాన్ కొండను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టిన్రు. అర్స్లాన్‌బోబ్ వాల్‌నట్ అడవి చూడవలసిందే. అయితే ఆ రెండూ దేశానికి దక్షిణాన ఉన్నయి, వాటికి వేరే వారం కావాలె. ఈసారి ఉత్తరం ఒక్కటే పెట్టుకోండ్రి. ఇసిక్‌కుల్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, చివరకు సోన్‌కుల్‌లో ఒక రాత్రి. మా బిడ్డ అక్కడ చదివినప్పుడు నేను రెండుసార్లు పోయిన. మొదటిసారి అన్నీ చూడాలని ఉరికి, కారు కిటికీ తప్ప ఏం చూడలే.

బిష్కెక్ నుంచి ఒక విద్యార్థి

మాస్టారు చెప్పింది కరెక్ట్ ఆంటీ. ఒక్క మాట కలుపుతాను. టూర్ల వాళ్లు సోన్‌కుల్‌ని మొదటి రెండు రోజుల్లోనే పెట్టేస్తారు. బిష్కెక్ ఎత్తు 800 మీటర్లు, సోన్‌కుల్ 3,016. మధ్యలో దాటే కల్మక్ అషూ కనుమ 3,400 పైన. మా సీనియర్ వాళ్ల నాన్నగారు ఇలాగే రెండో రోజే ఎక్కి రాత్రంతా తలనొప్పి, వాంతులతో పడ్డారు. తెల్లారగానే కిందికి దించేశారు. అందుకే చుట్టు తిరగేయండి. ముందు ఇసిక్‌కుల్ (1,607 మీటర్లు), తర్వాత కరకోల్ (దాదాపు 1,750), అక్కడ రెండు రాత్రులు పడుకున్నాక సోన్‌కుల్. ఒంటికి అలవాటయ్యే టైం దొరుకుతుంది.

అంకుల్ బీపీ మాత్ర గురించి వాళ్ల డాక్టర్‌ని అడగండి. ఎలాగూ మీ ఇంట్లో కొత్త డాక్టర్ తయారవుతున్నాడు, వాణ్ణీ అడగండి, పరీక్ష పెట్టినట్టుంటుంది :)

గుంటూరు అమ్మ

వాణ్ణి అడిగాను. "పైన తలనొప్పి, ఆయాసం ఎక్కువైతే రాత్రి అని చూడకుండా కిందికి దిగిపోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు" అన్నాడు. ఫీజులు వృథా కాలేదు. మరి రోజువారీగా ఎలా పెట్టుకోమంటారు?

హన్మకొండ మాస్టారు

గురువారం మొదలుపెట్టండ్రి. ఎందుకంటే కరకోల్‌లో పశువుల సంత ఆదివారం పొద్దుగాలనే. గొర్రెలు, గుర్రాలు, బేరాలు. మన అంగడి చూసినోళ్లకు భాష రాకున్నా అంతా అర్థమైతది.

గురువారం బిష్కెక్: అలా తో చౌక్, ఓష్ బజారు (పేరుకే ఓష్, ఉన్నది బిష్కెక్‌లోనే). అలా అర్చా లోయ ఊరికి 40 కిలోమీటర్లే, ఓపిక ఉంటే మధ్యాహ్నం పోయి నది ఒడ్డున కొంత దూరం నడిచి రండి. జలపాతం దాకా ఎక్కుడు మీ సారుకు వద్దు.

శుక్రవారం బురానా మీదుగా చోల్పోన్ అతా. బురానా అంటే 11వ శతాబ్దపు మినార్, కరాఖానీ రాజుల బలాసగూన్ పట్టణంలో మిగిలిన ముక్క. ఒకప్పుడు 45 మీటర్లుండేదట, భూకంపాలకు కూలి ఇప్పుడు 25 మీటర్ల లోపే. లోపలి మెట్లు నిటారుగ, చీకటిగ, ఇరుకుగ ఉంటయి. ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు ఎదురైతే ఒకరు వెనక్కి పోవుడే. మోకాళ్లు బాగలేనోళ్లు కిందనే ఉండి గడ్డిల నిలబెట్టిన రాతి మనుషులను చూస్తే చాలు. బల్బల్‌లు అంటరు. చేతిలో గిన్నె పట్టుకుని, మీసాలతోని మన ఊరి వీరగల్లుల చుట్టాల లెక్కనే ఉంటరు. ఆ ఊరివాడే యూసుఫ్ బలాసగూని అనే కవి, ఆయన బొమ్మ 1,000 సోముల నోటు మీద ఉంటది.

చోల్పోన్ అతాలో రాతి చెక్కుళ్ల మైదానం ఉంది. హిమనదం మోసుకొచ్చి వదిలిన బండల మీద ఐబెక్స్ మేకలు, మంచు చిరుతలు. సాయంత్రం ఎండ ఏటవాలుగ పడ్డప్పుడే గీతలు తేలుతయి, మిట్టమధ్యాహ్నం పోతే ఉత్త రాళ్లే.

శని, ఆదివారం రాత్రులు కరకోల్. సోమవారం దక్షిణపు ఒడ్డు. మంగళవారం కొచ్కోర్ మీదుగ సోన్‌కుల్. బుధవారం బిష్కెక్.

వైజాగ్ నుంచి

మాస్టారు కరకోల్‌ని ఒక్క ముక్కలో తేల్చేశారేంటండీ! నాకు ఆ దేశంలో బాగా నచ్చిన ఊరు అదే. అక్కడి దుంగాన్ల మసీదు చూడండి. 1910లో పూర్తయింది, మేకు కొట్టకుండా కట్టారంటారు. చూస్తే మసీదులా కాదు, చైనా గుడిలా ఉంటుంది. 1870ల చివర్లో తిరుగుబాటు అణచివేతకు చైనా నుంచి మంచు కొండలు దాటి పారిపోయి వచ్చిన ముస్లింలే ఈ దుంగాన్లు. లోపలికి వెళ్లేటప్పుడు తలమీద చున్నీ ఉంచుకోండి. కొద్ది దూరంలోనే చెక్కతో కట్టిన రష్యన్ చర్చి. రెండూ నడిచే చూడొచ్చు.

అదే దుంగాన్ల వంట అష్లాన్‌ఫు. సన్న నూడుల్స్, పిండిజెల్లీ ముక్కలు, వెనిగరూ మిరపకాయా వేసిన చల్లటి పులుసు. మన నాలుక్కి ఆ దేశంలో ఇంతకంటే దగ్గరి రుచి దొరకదు. కానీ చాలాచోట్ల గుడ్డు వేస్తారు, ముందే అడగండి.

జెటి ఓగుజ్ (ఏడు ఎద్దులు) ఎర్ర కొండలు కరకోల్ నుంచి 25 కిలోమీటర్లు. సోమవారం దారిలోనే తగులుతాయి. తర్వాత స్కాజ్కా లోయ. వాన పడితే అక్కడి మట్టి జారుడుబల్లే, ఆ రోజు కారులోంచే దణ్ణం పెట్టేయండి. బొకోన్‌బాయెవో దగ్గర డేగతో వేట చూపిస్తారు. కొందరు బతికున్న కుందేలుని వదులుతారు. అది వద్దనుకుంటే మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి, అక్కడికెళ్లాక చెబితే ఇబ్బంది.

గుంటూరు అమ్మ

కుందేలు సంగతి చెప్పి మంచి పని చేశారు. నా తిండి మాటేమిటి? నిజం చెప్పండి, భయపడను.

బిష్కెక్ నుంచి ఒక విద్యార్థి

నిజం చెప్పాలంటే కష్టమే ఆంటీ. బిష్కెక్‌లో మా స్టూడెంట్ల కోసం ఇండియన్ మెస్సులున్నాయి, పప్పన్నానికి ఢోకా లేదు. ఊరు దాటితే గొర్రె, గుర్రం, పశువు. రష్యన్‌లో "బెజ్ మ్యాసా" (మాంసం లేకుండా), కిర్గిజ్‌లో "ఎత్ జెబెయిమ్" (మాంసం తినను) నేర్చుకోండి. కానీ చాలాసార్లు ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు! "బుల్యోన్" (మాంసం ఉడికించిన నీళ్లు) కూడా వద్దని చెప్పాలి. వేపుళ్లలో కొవ్వు సంగతి కూడా అడగండి.

ఏ ఇంట్లోనైనా దొరికేవి: రొట్టె, మీగడ లాంటి కైమక్, పళ్ల జామ్, తేనె, టొమాటో దోసకాయ ముక్కలు, టీ. బజార్లో గుమ్మడికాయ సమోసా దొరికితే వదలకండి. చిన్న కెటిల్, పోపు పెట్టి తడి లేకుండా చేసిన అటుకులు, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి తెచ్చుకోండి. మా అమ్మ వచ్చినప్పుడు యూర్ట్‌లో (అక్కడి ఉన్ని గుడారం) కందిపొడి సీసా మూత తీసింది. ఆ ఇంటావిడ వాసన చూసి రొట్టె అద్దుకుని మూడుసార్లు తింది. సీసా అక్కడే వదిలొచ్చాం.

హన్మకొండ మాస్టారు

సారుకు కుమిస్ ఇస్తరు. గుర్రపు పాలను పులియబెట్టింది. పుల్లగ, కొద్దిగ మత్తుగ, మన కల్లు తాగినోళ్లకు కొత్తేం కాదు. మొదటి రోజు ఒక గిన్నెకు మించొద్దు, కడుపు అలవాటు పడాలె. వద్దంటే గిన్నెను పెదవులకు ఆనిచ్చి కింద పెట్టండ్రి.

సోన్‌కుల్‌లో చెట్టన్నది ఉండదు. పొయ్యిల పెట్టేది ఎండిన పేడ. అంటే మన పిడకలే! ఆ పొగ వాసనకు నాకు మా నాయనమ్మ వాకిలి యాదికొచ్చింది. అర్ధరాత్రి పొయ్యి ఆరితే జూన్‌లో కూడ చలి సున్నా దగ్గరికి దిగుతది. ఉన్ని టోపీ, దొడ్డు సాక్సులు, థర్మల్స్ తప్పనిసరి. లెట్రిన్ గుడారానికి దూరంగ, గుంట మీద పలకలు, కూసునే కుర్చీ ఉండదు. మోకాళ్లకు అదే అసలు పరీక్ష. తలకు కట్టుకునే లైటు కొనుక్కోండ్రి. ఒక్క రాత్రే గదా.

పండుకున్నంక మీదికి చూడండ్రి, గుడారం నడినెత్తిన గుండ్రని కిటికీ కట్టె, దానిపేరు తుందుక్. ఆ దేశం జెండా మీద ఉన్నది అదే.

వైజాగ్ నుంచి

నాది వేరే మాట. ఆ లెట్రినూ ఆ ఎత్తూ విన్నాక అంకుల్‌కి బెంగ అనిపిస్తే సోన్‌కుల్ కూడా తీసేయొచ్చు. బొకోన్‌బాయెవో దగ్గర ఇసిక్‌కుల్ ఒడ్డునే యూర్ట్ బసలున్నాయి, ఎత్తు సమస్య లేదు. ఆ సరస్సూ చిన్నదేం కాదు, 180 కిలోమీటర్ల పొడవు, లోతు 668 మీటర్లు, చలికాలం గడ్డకట్టదు. సోమవారం అక్కడ పడుకుని, మంగళవారం పొద్దున అంకుల్ ఎలా ఉన్నారో చూసుకుని పైకి వెళ్లాలా వద్దా తేల్చుకోండి. డ్రైవర్‌తో ఆ షరతు ముందే మాట్లాడుకోండి.

బిష్కెక్ నుంచి ఒక విద్యార్థి

వీసా రూల్స్ మారుతుంటాయి, ఏజెంట్ మాట నమ్మకుండా ఈ-వీసా అధికారిక సైట్‌లో మీరే చూడండి. డాలర్లు చిరుగు, గీత లేని కొత్త నోట్లు తేండి. ఈమధ్య సోమూ మన రూపాయీ ఇంచుమించు సమానం, బేరానికి లెక్క కట్టక్కర్లేదు. కొచ్కోర్ దాటాక కార్డు పనిచేయదు, అక్కడే ఏటీఎంలో తీసుకోండి. కొచ్కోర్‌లో సీబీటీ (ఊరివాళ్లే నడిపే పర్యాటక సంఘం) వాళ్ల ఆఫీసులో యూర్ట్, గుర్రం, కారు మూడూ మాట్లాడుకోవచ్చు. సిటీలో తిరగడానికి యాండెక్స్ యాప్‌లో ట్యాక్సీ పిలవండి. టైం మనకంటే అరగంట ముందు, అంతే.

గుంటూరు అమ్మ

ఓష్ తీసేశాను. ట్రావెల్స్ ఆయన "మేడమ్, అన్నీ కవర్ అవుతాయి కదా" అన్నాడు. కవర్ అవడానికి నేనేం దుప్పటి కాదు అన్నాను. గురువారం మొదలు, సోమవారం రాత్రి మావారి ముఖం చూసి సోన్‌కుల్ నిర్ణయం. ఆఖరి ప్రశ్న: కొచ్కోర్‌లో ఉన్ని తివాచీలు కొనాలని ఉంది. షిర్దక్ అంటారట. సూట్‌కేసులో పడుతుందా?

వైజాగ్ నుంచి

గది తివాచీ అయితే పడదు, బరువు కూడా. రెండు రంగుల ఉన్ని అట్టల్ని ఒకే నమూనాలో కోసి, దీనిలో ముక్క దానిలో పెట్టి కుడతారు. పెద్దదానికి నెలలు పడుతుంది. 2012లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన కళల జాబితాలో చేర్చింది. కుర్చీ మీద వేసే చదరాలు కొనండి, నాలుగు చుట్టచుట్టి తెచ్చాను. తిరగేసి చూడండి, చేతికుట్టు వంకరటింకరగా ఉంటుంది.

హన్మకొండ మాస్టారు

కలరా ఉండలు వేసి దాచండ్రి. మాదాన్ని పురుగు తిన్నది.