ఏడో తరగతి పాపకు కమాను: కార్బన్ ఫైబరా, కర్రా?

బైరాగిపట్టెడ అమ్మ
మా పాప తిరుపతిలోనే వయొలిన్ నేర్చుకుంటోంది. గీతాలు అయిపోయి వర్ణాల్లోకి వచ్చింది. వయొలిన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కమాను, అంటే తీగల మీద లాగి వాయించేది, ఇక పనికిరాదు. స్క్రూ బిగిస్తే కర్ర మధ్యలో లోపలికి ఉండాల్సిన వంపు పోయి నిటారుగా అయిపోతోంది, పైగా ఒక పక్కకు వాలింది. మేడం కర్రదే కొనమన్నారు. చెన్నైలో చదివే మా చెల్లెలి కొడుకేమో కార్బన్ ఫైబర్ తప్ప వేరేది వద్దంటున్నాడు. నాలుగు వేలకు మించి పెట్టలేం. తెలిసినవాళ్లు చెప్పండి.

అలిపిరి రోడ్
అక్కా, ఆ డబ్బుకు కార్బనే. మన ఊరి వాతావరణం చూడండి. మే నెలలో ఎండ మాడ్చేస్తుంది, నవంబర్‌లో ముసురు పడితే వారం రోజులు బట్టలు ఆరవు. కమాను కర్రకు ఆ వంపు వేడి చేసి పెడతారు. వాయించాక స్క్రూ వదులు చేయకుండా పెట్టెలో పడేసి, ఆ పెట్టెను ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే వంపు మెల్లగా పోతుంది. ఏడో తరగతి పిల్ల ట్యూషన్‌కు ఆలస్యమవుతోందన్న హడావిడిలో ప్రతిసారీ గుర్తుపెట్టుకుని వదులు చేస్తుందా? కార్బన్‌కు ఈ బెడద లేదు.

ఇంకొకటి. నాలుగు వేలలో వచ్చే కర్ర ఏ కర్ర? మేలైన కమానులకు వాడే పెర్నంబుకో రానే రాదు. అది బ్రెజిల్ తీరపు అడవుల్లో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు, 2007 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసేది) కింద దాని వ్యాపారం మీద నియంత్రణ ఉంది. మన శేషాచలం ఎర్రచందనం కూడా ఆ జాబితాలోనే ఉంది కాబట్టి తిరుపతి వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చవకలో బ్రెజిల్‌వుడ్ అని అమ్మేది చాలాసార్లు ఏదో ఒక గట్టి కర్ర, అంతే.

చిత్తూరు ఫిడేలు
అమ్మా, మీ మేడం చెప్పిన మాటలో చాలా అర్థం ఉంది. నేను చిత్తూరులో పిల్లలకు నేర్పుతాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

కమానును తీగ మీద ఎగిరించి వాయించే పద్ధతి పాశ్చాత్య సంగీతంలో ఎక్కువ. మనకు కావలసింది సాగదీత. ఒకే కమానులో నాలుగైదు స్వరాలు గమకంతో సహా పలకాలి, మధ్యలో నాదం తెగకూడదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయిద్యం విన్నవాళ్లకు ఆ నిడుపు కమాను ఎలా ఉంటుందో తెలుసు. పైగా మనం శ్రుతి తగ్గించి కడతాం, తీగలు కాస్త వదులుగా ఉంటాయి. చవక కార్బన్ కమానులు చాలావరకు బిరుసుగా ఉంటాయి. మెల్లగా లాగితే తీగను పట్టుకోవు, పైపైన జారతాయి. పిల్ల దాన్ని సరిచేయడానికి చేత్తో నొక్కుతుంది, మణికట్టు బిగుసుకుంటుంది. ఆ బిగువు ఒకసారి అలవాటైతే వదిలించడానికి నాకు నెలలు పడుతుంది.

అందుకే పేరు చూసి కొనకండి, చేతిలో పట్టి కొనండి. స్క్రూ వదులుగా ఉన్నప్పుడు కర్రను కంటి దగ్గర పెట్టుకుని, తుపాకి గురి చూసినట్టు చివరిదాకా చూడండి. పక్కకు వంగి ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి. తర్వాత కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలకూ కర్రకూ మధ్య పెన్సిల్ పట్టేంత సందు వచ్చేవరకు బిగించి మళ్లీ చూడండి, ఇప్పుడూ తిన్నగానే ఉండాలి. వయొలిన్ కమాను అరవై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంతకన్నా ముఖ్యం ఆ బరువు ఎక్కడ పడుతుందన్నది. పాప పట్టుకున్నప్పుడు కొన బరువై కిందికి లాగుతుంటే ఆ కమాను తనకు కాదు.

బెంగళూరు బాస్
నాది తిరుపతే, ఇప్పుడు బెంగళూరులో డబుల్ బాస్ (వయొలిన్ లాంటిదే, నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం) వాయిస్తున్నాను. మాలోనూ ఇదే గొడవ. బాస్ కమాను వయొలిన్ కమానుకు రెట్టింపుకు పైగా బరువు, తీగలు లావు, వాటిని కదిలించాలంటే వెంట్రుకలు గట్టిగా బిగించాలి. చవక కర్ర ఆ బిగువుకు తట్టుకోలేక పక్కకు తిరిగిపోతుంది. పైనుంచి పట్టే ఫ్రెంచ్ పద్ధతైనా, అరచెయ్యి పక్కనుంచి పట్టే జర్మన్ పద్ధతైనా, తక్కువ ధరలో నా ఓటు కార్బన్‌కే. వయొలిన్‌కు అంత బిగువు అక్కర్లేదు కాబట్టి చిత్తూరు సార్ మాట కొట్టిపారేయలేను.

అలిపిరి రోడ్
సార్, బిరుసు సంగతి ఒప్పుకుంటాను. కానీ చవక కర్రలు మరీ మెత్తగా ఉండి, కాస్త నొక్కగానే కర్ర వెళ్లి తీగకు తగలడం లేదా? అదీ చెడ్డ అలవాటే నేర్పుతుంది.

చిత్తూరు ఫిడేలు
తగులుతుంది నాయనా, కాదనను. అందుకే చూసి కొనమంటున్నాను. కార్బన్ అని చెప్పి ఫైబర్‌గ్లాస్ మీద నల్లటి అల్లిక పూత వేసి అమ్మేవీ ఉన్నాయి, అదీ గమనించుకోవాలి.

గూడూరు వైపు
అందరూ కర్ర గురించే మాట్లాడుతున్నారు. నాదం పుట్టేది గుర్రపు వెంట్రుకల దగ్గర, అరిగేదీ అవే. కార్బన్ కొన్నా తేమకు వెంట్రుకలు సాగుతాయి, ఎండకు బిగుస్తాయి, కాబట్టి వాయించాక వదులు చేయడం ఎలాగూ తప్పదు. కొనేముందు షాపులో ఒక్క ప్రశ్న అడగండి: దీనికి వెంట్రుకలు మార్చవచ్చా? మంచి కమానులో వెంట్రుకల కట్టను చిన్న చెక్క ముక్కతో బిగిస్తారు, ఊడదీసి కొత్తవి వేయొచ్చు. చవక వాటిలో చాలావాటికి జిగురు పోసేస్తారు. అది తీయబోతే కొన విరుగుతుంది. తిరుపతిలో ఆ పని చేసేవాళ్లు నాకు దొరకలేదు, నేను చెన్నై పంపిస్తాను. ఆ ఖర్చు, రానుపోను కలిపి చూస్తే చవక కమాను ధరకు దగ్గరగా వస్తుంది. మీ నాలుగు వేలలో కొంత దానికోసం పక్కన పెట్టుకోండి.

ఆడపిల్ల కాబట్టి ఇంకో మాట. తలకు నూనె రాసి జడ ముందుకు వేసుకుంటే కమాను వెంట్రుకలకు తగులుతుంది. జిడ్డు పట్టిన చోట, తీగను పట్టుకోవడానికి వెంట్రుకలకు రాసే రోజిన్ ఎంత రాసినా నిలవదు, అక్కడికి రాగానే నాదం జారిపోతుంది. మా ఇంట్లో పాడైనవన్నీ అలా పాడైనవే.

బైరాగిపట్టెడ అమ్మ
అందరికీ థాంక్స్. ఆదివారం మేడంను తీసుకుని చెన్నై వెళ్లాం. రెండు రకాలూ పాప చేతికిచ్చి ఒకే వర్ణం నిదానంగా వాయించమన్నారు. మొదట ఇచ్చిన కార్బన్ కమాను సార్ చెప్పినట్టే జారింది. రెండో కార్బన్ కమాను కాస్త మెత్తగా ఉంది, దాంతో బాగానే పలికింది. వెంట్రుకలు మార్చవచ్చని షాపులో చూపించారు. అదే తీసుకున్నాం. మేడంకు ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదు, సంగీతం డిప్లొమాకు వచ్చేసరికి కర్రదే కొనాలని ముందే చెప్పేశారు.

చిత్తూరు ఫిడేలు
మీ మేడం వైపే నేనూ. అయినా వాయించి చూసి కొన్నారు, సంతోషం. మొదటి కొన్ని రోజులు వెంట్రుకల పట్టీ వెడల్పంతా సమానంగా బిగుస్తోందో లేదో చూడండి. ఒక అంచు వదులుగా ఉంటే బిల్లు తీసుకుని వెంటనే షాపుకు వెళ్లండి, ఆలస్యం చేస్తే వాళ్లు ఒప్పుకోరు.