ఫిఖ్టేనీ హెర్డర్‌నీ ఒకే గాటన కట్టొచ్చా?

యేనా విద్యార్థిని:
నేను జర్మనీలోని యేనాలో ఫొటోనిక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. జర్మన్ క్లాసు కోసం తత్వవేత్త ఫిఖ్టే 'జర్మన్ జాతికి ప్రసంగాలు' చదవాల్సి వచ్చింది. 1793లో ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ పుస్తకం రాసిన మనిషి, 1807 డిసెంబరుకల్లా బెర్లిన్‌లో నిలబడి జర్మన్లే అసలు సిసలు మూలజాతి అనడం ఏంటండీ? పోయిన శనివారం వైమార్‌లో మరో జర్మన్ తత్వవేత్త హెర్డర్ విగ్రహం చూశాను. 1850 నాటిది. 'అన్ని నేలల జర్మన్ల నుంచి' అని పీఠం మీద చెక్కారు. దేశం ఏర్పడింది 1871లో కదా! వీళ్లిద్దరిదీ ఒకటే దారా?

గట్టు మీద చెట్టు:
కాదమ్మా. హెర్డర్ ఇరవై ఏళ్లకే రీగాలో (ఇప్పటి లాట్వియా రాజధాని) బడిపంతులు. ఊళ్లో పెత్తనం జర్మన్లది, పొలాల్లో చాకిరీ లాట్వియన్లది. పెద్దలు చెవిన పెట్టని పల్లె పాటల విలువ ఆయనకు తెలిసింది. 1778-79లో అచ్చువేసిన జానపద గీతాల్లో లాట్వియన్, ఎస్టోనియన్, లిథువేనియన్ పాటలూ ఉన్నాయి. భూమ్మీద ఏ జాతీ ముద్దుబిడ్డ కాదన్నాడు.

ఫిఖ్టే దగ్గర మెలిక నాలుగో ప్రసంగంలో ఉంది. జర్మన్ వేరుతో ఉన్న సజీవ భాష, ఫ్రెంచి లాటిన్ నుంచి తెచ్చుకున్నది కాబట్టి దాని వేరు చచ్చిందంటాడు. రక్తం మాట కాదు. అది ఎప్పుడో కలిసిపోయిందని తనే ఒప్పుకున్నాడు. భాషనే తరాజులో వేశాడు. 1806 అక్టోబరు 14న మీ యేనా గుట్టల మీదే నెపోలియన్ చేతిలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం చిత్తయింది. ఆయన మాట్లాడుతున్నప్పుడు బెర్లిన్ ఫ్రెంచి సిపాయిల చేతిలో ఉంది. మిగిలినవి భాష, బడి. ఆ 14 ప్రసంగాల్లో పిల్లల చదువు గురించి అంత ఉండటం అందుకే.

పాత అట్ట:
తప్పంతా ఓటమి మీదకి నెట్టకండి. యూదులకు పౌరహక్కులివ్వాలంటే ఒక్క రాత్రిలో వాళ్ల తలలు తీసేసి వేరే తలలు పెట్టడం తప్ప దారి లేదని ఫిఖ్టే రాసింది ఆ 1793 పుస్తకంలోనే. అప్పటికి నెపోలియన్ ఇంకా గద్దెనెక్కలేదు. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఈ జర్మన్ పిచ్చి ప్రమాదమని 1815లో యూదు రచయిత సౌల్ ఆషర్ పుస్తకం రాసి హెచ్చరిస్తే, 1817లో వార్ట్‌బుర్గ్ కోట దగ్గర జర్మన్ జాతీయవాద విద్యార్థులు ఆషర్ పుస్తకాన్ని మంటల్లో వేశారు. అలాంటి విద్యార్థి సంఘం మొదట పుట్టింది కూడా యేనాలోనే.

గట్టు మీద చెట్టు:
మీ మాట ఒప్పుకుంటున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. తోటి విద్యార్థుల చేతిలో అవమానపడ్డ యూదు కుర్రాడికి న్యాయం జరగలేదని 1812లో బెర్లిన్ విశ్వవిద్యాలయ రెక్టర్ పదవి వదులుకున్నదీ ఈ ఫిఖ్టేనే. నాకు ఈ రెండూ ఇప్పటికీ అతకవు.

యేనా విద్యార్థిని:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇవాళ ఏడో ప్రసంగం చదివాను. స్వేచ్ఛను నమ్మినవాడు ఎక్కడ పుట్టినా, ఏ భాష మాట్లాడినా మనవాడే అంటాడు. ఎంత సంతోషం వేసిందో! కానీ నమ్మనివాడు ఎక్కడ పుట్టినా జర్మన్ కాడని ఆ వెంటనే అంటాడు. ఎవడు నమ్మాడో, ఎవడు నమ్మలేదో తేల్చేదెవరు? గురువారం క్లాసులో ఇదే అడుగుతాను.