టర్బో పోకర్ టోర్నమెంటులో 15 బిగ్ బ్లైండ్లు మిగిలినప్పుడు ఎలా ఆడాలి?

లాస్ వేగాస్‌లో రోజువారీ టర్బో (బ్లైండ్లు త్వరత్వరగా పెరిగే) టోర్నమెంట్లలో నో లిమిట్ హోల్డెమ్ అనే రకం పోకర్ ఆడుతున్నాను. మొదట 15,000 చిప్స్, బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందాలు, 100-200 (పెద్దది బిగ్ బ్లైండ్). ప్రతి 15 నిమిషాలకు పెరుగుతాయి. రెండు గంటలు దాటేసరికి బల్ల దగ్గర చాలామందికి 15 బిగ్ బ్లైండ్లకు మించి మిగలవు. నా ఆట ముగిసేదీ సరిగ్గా అక్కడే.

మంచి ముక్కల కోసం ఆగి చూశాను, బ్లైండ్లే చిప్స్ అన్నీ తినేశాయి. 10 బిగ్ బ్లైండ్ల లోపు వాడే ఆల్ ఇన్ (చిప్స్ అన్నీ పెట్టేయడం)-ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం) పట్టిక కంఠస్థం చేశాను. ఆ దశలో ఇబ్బంది లేదు. మొన్న బటన్ (పంచేవాడి స్థానం) నుంచి రాణుల జతతో రెయిజ్ చేస్తే (పందెం పెంచితే), బిగ్ బ్లైండ్‌లో ఉన్నాయన ఆసు, రాజుతో ఆల్ ఇన్ అన్నాడు. చివరి ముక్క రాజు. నా గెలుపు అవకాశం దాదాపు 56 శాతం కాబట్టి ఆ ఓటమికి బాధ లేదు. కానీ 80 శాతం అవకాశం ఉన్నా, వరుసగా మూడు ఆల్ ఇన్‌లు గెలిచేది సుమారు సగం సార్లే! అందుకే అన్నీ పణంగా పెట్టే సందర్భాలను తగ్గించుకోవాలని చూస్తున్నాను. ఇంత వేగంలోనూ నైపుణ్యానికి చోటుందని గట్టిగా నమ్ముతున్నాను.

15 బిగ్ బ్లైండ్లతో బటన్ మీద ఉన్నప్పుడు, ముందువాళ్లందరూ ఫోల్డ్ చేస్తే, ఆసు-ఐదు లాంటి ముక్కలతో రెండు బిగ్ బ్లైండ్లకు రెయిజ్ చేయడం మేలా, నేరుగా ఆల్ ఇన్ వెళ్లడం మేలా?